మీటరక్క ఎడమ చెవి

మూడో గేరులోకి మార్చాల్సిన చోట ఇంకా రెండులోనే లాగుతోంది, ఇంజను మొత్తుకుంటోంది, నేనేమీ అనకూడదు, ఈ ఒక్క పూట నోరు విప్పనని ఇంట్లోనే మాటిచ్చి బయల్దేరాను, కానీ పద్దెనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని ఎంతమందికో స్టీరింగ్ పట్టడం నేర్పినదాన్ని, కన్న కూతురు క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల అవుతుందా, మార్చవే తల్లీ అన్నాను, మారుస్తున్నానమ్మా, నువ్వొక్క పావుగంట టీచరువి కాకుండా కూర్చోలేవా అంది, కూర్చోలేను, లేని బ్రేకు కోసం నా కుడికాలు ఇప్పటికే రెండుసార్లు కారు నేలను తొక్కేసింది, ఇది మా సొంత కారు, స్కూలు కారులో లాగా నా వైపు ఇంకో బ్రేకు ఉండదని ఆ కాలికి ఎవరు చెప్పాలి, వెనక సీట్లో రెండు పెట్టెల పాటల రికార్డులు మలుపు తిరిగినప్పుడల్లా జరిగి ఠక్కుమంటున్నాయి, ఇరవై ఆరేళ్ళ తర్వాత అటక దిగిన పెట్టెలు, ఆ ఠక్కు నా కుడి చెవికే వస్తోంది, ఎడమవైపు కిటికీ అద్దం పూర్తిగా దింపి ఉంది, రోడ్డు పక్కన ఎవరో మిషను పెట్టి కాంక్రీటు పగలగొడుతున్నారు, దుమ్ము వచ్చి నా ముఖానికి కొట్టింది, చప్పుడు మాత్రం ఎక్కడో పక్క వీధిలో జరుగుతున్నట్టు వచ్చింది, అబ్బ, చెవులు చిల్లులు పడుతున్నాయి, అద్దం ఎక్కించమ్మా అంది నా కూతురు, వెంటనే ఎక్కించేశాను, నాకూ చిల్లులు పడుతున్నట్టే ముఖం పెట్టాను.

పదిరోజుల క్రితం చెవి పరీక్ష చేసే అమ్మాయి నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టి, కూత వినపడినప్పుడల్లా నొక్కండి మేడమ్ అంది, హెడ్‌ఫోన్ ఎలా పెట్టుకోవాలో నాకు నేర్పుతోంది, తాతకు దగ్గులు నేర్పినట్టు, లోపల నవ్వుకున్నాను, కుడి చెవి అయింది, ఎడమ చెవి మొదలైంది, కూ, కూ, కూ, మూడు సెకన్లకొకటి, ఒక్కటీ వదలకుండా నొక్కుతూ పోయాను, పరీక్షలో వందకి వంద వచ్చే పిల్లలా బయటికొచ్చాను, ఆ అమ్మాయి కాగితం వంక చూసింది, నా వంక చూసింది, మేడమ్, చివర్లో పదిసార్లు నేను కూత పంపనే లేదు, అయినా మీరు ఠంచనుగా నొక్కారు అంది, నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది, మోసం చేయాలని కాదమ్మా, ఒట్టు, ఏదైనా నాలుగుసార్లు ఒకే ఎడంలో వినిపిస్తే ఐదోది ఎప్పుడొస్తుందో నా ఒంటికి తెలిసిపోతుంది, అది వచ్చిందో లేదో చూసుకోను, వచ్చిందనే అనుకుంటాను, ఇదంతా ఆ అమ్మాయికి చెబితే పిచ్చిదనుకుంటుంది, రెండోసారి కూతల మధ్య ఎడం మార్చి మార్చి పెట్టింది, అప్పుడు దొరికిపోయాను, ఎడమ చెవిలో సన్నటి శబ్దాలన్నీ దాదాపు పోయినట్టే మేడమ్, ఎప్పట్నుంచో పోతూ ఉండాలి, మీకు తెలియనే లేదా అంది, ఎలా తెలుస్తుంది, కారు నేర్చుకునేవాళ్ళంతా నాకు కుడివైపు కూర్చుంటారు, ఇంట్లో మంచానికి కుడివైపు ఆయన పడుకుంటాడు, ఆయన గురక వినపడుతున్నంత కాలం నా చెవులకేం అనుకున్నాను, వయసులో ఉండగా పెద్ద చప్పుళ్ళ మధ్య పనిచేశారా అనడిగింది, చేశాను, ఆరేళ్ళు, ఫ్యాక్టరీలో అన్నాను, అది అబద్ధమేమీ కాదు.

ఐస్ ఫ్యాక్టరీ, రాత్రంతా మంచు దిమ్మలు తయారుచేసి తెల్లవారకముందే లారీలకెక్కించి పంపేసేవాళ్ళు, ఆదివారం పగలంతా ఆ లోడింగ్ హాలు ఖాళీ, కావలి ఉండే నిచ్చెన, అంత పొడుగు మనిషికి ఇంకో పేరు ఎవరు పెడతారు, పన్నెండింటి నుంచి ఆరింటిదాకా మీ ఇష్టం, ఇల్లు పీకి పందిరి వేయకుండా ఉంటే చాలు అని తాళాలు నా చేతిలో పెట్టాడు, కిటికీలకి తారు కాగితం అంటించి మిట్టమధ్యాహ్నం చీకటి చేసుకున్నాం, మా తమ్ముడు పాత కార్ల హెడ్‌లైట్లు ఊడదీసి తెచ్చి రంగు కాగితాలు చుట్టి తిప్పేవాడు, ఇప్పుడు వాడు బట్టతలా బొజ్జా వేసుకుని లైట్ల దుకాణానికి యజమాని, అప్పుడు మాత్రం కరెంటు షాకు తినని ఆదివారం లేదు, డాన్సు చేయడానికి మొదట ముప్పైమంది వచ్చారు, రెండు నెలలకి మూడొందలు, బేకరీలో పిండి పిసికేవాడు, నర్సులు, ఉత్తరాలు పంచేవాడు, లెక్కల మాస్టారు, సెలూన్ అమ్మాయిలు, వారమంతా ఎవరి మాటో వింటూ బతికేవాళ్ళంతా, ఆరుగంటలు ఎవరి మాటా వినక్కర్లేని పాట కోసం వచ్చేవాళ్ళు, పాడేవాడు లేని పాట, మిషన్లు చేసిన పాట, నాన్న ఒకసారి గుమ్మంలో నిలబడి ఇరవై నిమిషాలు విని, బాగానే ఉందిగానీ పాడేవాడు ఎప్పుడొస్తాడమ్మా అనడిగాడు, రాడు నాన్నా అన్నాను, రాకపోతే ఇంతమంది ఎవరి కోసం చూస్తున్నారే అన్నాడు, ధమ్ ధమ్ ధమ్ ధమ్, నిమిషానికి నూట ముప్పై దెబ్బలు, పైన టిస్ టిస్ మని సన్నటి తాళం, అటువైపు గోడ వెనక మంచు గది, ఆ గోడ ఎప్పుడూ చల్లగా చెమర్చి ఉండేది, ఆడి ఆడి ఒళ్ళు కాలిపోయినవాళ్ళు వెళ్ళి వీపు ఆ గోడకి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాళ్ళు, ఆరింటికి తలుపులు తీస్తే ఇంకా ఎండ ఉండేది, మూడొందలమంది కళ్ళు చికిలించుకుంటూ ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నట్టు నవ్వుకునేవాళ్ళు, అంత సంతోషం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, ఎక్కడా.

తాళం ఒక్క దెబ్బ తప్పనివ్వనని నన్ను మీటరు అనేవాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు మీటరక్క అనేవాళ్ళు, ఒక రికార్డు మోగుతుండగా రెండోది దానిలోకి కలపాలి, నడుస్తున్న బస్సులోంచి పక్కనే నడుస్తున్న ఇంకో బస్సులోకి మూడొందలమందిని దాటించాలి, ఎవరికీ తెలియకూడదు, ఎడమ చెవికి హెడ్‌ఫోన్, అందులో రాబోయే రికార్డు, కుడి చెవి హాలుకి, అక్కడ మోగుతున్న రికార్డు, రెండిటి దెబ్బలూ ఒకే చోట పడేదాకా వేగం మార్చే చిన్న లివరు జరుపుతూ, వేలితో రికార్డు అంచుని ఇంత తోసి ఇంత ఆపి, కలిసిందనుకున్నాక వదలాలి, కలవకపోతే దడదడ దడదడ, గుర్రాలొచ్చాయి అని అరిచేవాళ్ళు డాన్సు చేసేవాళ్ళు, పక్క ఊరినుంచి వచ్చిన డీజేలందరికీ గుర్రాలొచ్చాయి, నాకు ఆరేళ్ళలో ఒక్కసారీ రాలేదు, గొప్పలు కాదు, నిజం, కానీ నా కూతురికి అవి గొప్పలే, ఫ్యాక్టరీ మూతపడ్డాక రెండేళ్ళకి పుట్టింది, దానికి తెలిసిన అమ్మ ఇండికేటర్ వెయ్యి, అద్దం చూడు, అన్నం చల్లారిపోతోంది అనే అమ్మ, దాని ఫోనులో వెయ్యి పాటలు, దాని ల్యాప్‌టాప్‌లో ఒక బటన్, అది నొక్కితే ఏ రెండు పాటలైనా వాటంతటవే కలిసిపోతాయి, ఇదేగా మీరు ఆరేళ్ళు కష్టపడి చేసింది అని ఒకసారి అమాయకంగానే అంది, నేను మూడురోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు, ఆ హాలుని రేపు సోమవారం పడగొట్టి కార్ల పార్కింగ్ కడతారట, నిచ్చెన ఎవరెవరినో పట్టుకుని ఈ ఒక్క ఆదివారం మధ్యాహ్నం తాళాలు సంపాదించాడు, మీటరూ, నువ్వు రాకపోతే ఆ గోడలు కూడా ఊరుకోవు అన్నాడు, చెవి పరీక్షకి ముందే సరేనన్నాను, ఇప్పుడు నా కూతురు నన్ను మీటరుగా చూసే మొదటి రోజూ ఇదే, చివరి రోజూ ఇదే, గుర్రాలొస్తే ఆ అమ్మే మిగిలిపోతుంది, ఇండికేటర్ వెయ్యి అనే అమ్మ, ఇంకెవరూ ఉండరు.

చెప్పేస్తే పోయేది, తమ్ముడికైనా చెప్పాల్సింది, ఒరే నా ఎడమ చెవి పోయిందిరా అని, చెబితే వాడు ఏడుస్తాడు, వాడసలే ప్రెషర్ కుక్కరు, విజిల్ వేయకుండా ఉండలేడు, పదినిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది, అప్పుడు అందరూ జాలిపడి ఆడతారు, జాలిపడి ఆడే డాన్సు కంటే ఆ హాలు ఇవాళే కూలిపోవడం నయం, కారు ఆగింది, అడ్డదిడ్డంగా పార్కు చేసింది నా కూతురు, పట్టించుకోకుండా దిగాను, అదిగో నిచ్చెన, వంగిపోయాడు, నిచ్చెన కాదు ఇప్పుడు కొడవలి, మీటరూ అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు, లోపలికెళ్ళి చూస్తే నేను నిలబడే చోట రాతి దిమ్మల్లేవు, అప్పట్లో నాలుగు పెద్ద రాతి దిమ్మలు పరిచి, వాటి కింద టైర్ల రబ్బరు వేసి, వాటి మీద నేనూ నా బల్లా, ఎందుకంటే మూడొందలమంది ఒక్కసారి ఎగిరితే నేల అదిరి రికార్డు మీది సూది ఎగిరిపోతుంది, ఈయన ఇవాళ ఏం చేశాడయ్యా అంటే డాన్సు నేలమీద పరిచిన చెక్కలే ఇటు కూడా పొడిగించేశాడు, ఏమయ్యా, బుద్ధుందా, సూది ఆగుతుందా, ఇరవై ఆరేళ్ళలో ఏం మర్చిపోవాలో అదే మర్చిపోయావే అని అరిచాను, అరవకు తల్లీ, దిమ్మలు ఎప్పుడో అమ్మేశారు, బల్లనైతే కట్టేశాను చూడు అన్నాడు, చూస్తే మంచు దిమ్మలు లేపే పాత కొక్కేలకి మోకులు కట్టి బల్లని గాల్లో వేలాడదీశాడు, పాటలు కలిపే మిక్సరూ, రెండు రికార్డు మిషన్లూ ఉయ్యాలెక్కి కూర్చున్నాయి, తోసి చూశాను, సూది కదల్లేదు, మెచ్చుకోవాలి గానీ నాకు కోపం దిగలేదు, నా కూతురు మాత్రం ఫోను తీసి ఉయ్యాలని అటునుంచీ ఇటునుంచీ ఫోటోలు తీసుకుంటోంది.

వచ్చారు, ఒక్కొక్కరే వచ్చారు, మోకాలికి పట్టీలు, చేతిసంచుల్లో నీళ్ళ సీసాలు, బీపీ మాత్రలు, బేకరీవాడు ఇప్పుడు మూడు బేకరీల యజమాని, నర్సు రిటైరైంది, లెక్కల మాస్టారు జుట్టు తెల్లగా నెరిసింది, పిల్లల్ని కూడా తెచ్చుకున్నారు, రెండొందలమంది ఉంటారు, అక్కా, మధ్యాహ్నమే పెట్టించి మంచిపని చేశావు, తొమ్మిదైతే మాకు నిద్రొచ్చేస్తుంది అంది సెలూన్ అమ్మాయి, ఇప్పుడు అమ్మాయి కాదు అమ్మమ్మ, తమ్ముడు పైన లైట్ల దగ్గర్నుంచి అక్కా రెడీయా అని కేకేశాడు, మొదటి రికార్డు పెట్టాను, ధమ్ ధమ్ ధమ్ ధమ్, ఓ అని అరిచారు, దుమ్ము లేచింది, నాకు ఒక్కసారి ఏడుపొచ్చింది, ఆనందంతోనే వచ్చింది, తారు కాగితం చిరుగులోంచి ఎండ గీతలా పడుతుంటే అందులో దుమ్ము కూడా తాళానికి లేస్తున్నట్టుంది, ఆరునిమిషాలు నేను రాణిని, ఆరునిమిషాలే, ఆ తర్వాత రెండో రికార్డు కలపాలి, హెడ్‌ఫోన్ అలవాటు కొద్దీ ఎడమ చెవికే నొక్కాను, ఏదో బొంగురు, గోడకవతల ఎవరో పరుపు దులుపుతున్నట్టు, టిస్ టిస్ లేదు, ఆ సన్నటి తాళమే లేదు, దాన్ని పట్టుకునేగా నేను ఆరేళ్ళు నడిచాను, సరే, కుడి చెవికి మార్చాను, ఇప్పుడు రాబోయే రికార్డు స్పష్టంగా ఉంది, కానీ హాలు ఎడమ చెవికి పోయింది, హాలంతా ఒకటే ముద్ద, దెబ్బ ఎక్కడ మొదలవుతోందో ఎక్కడ ఆగుతోందో తెలియడంలేదు, రికార్డు చివరికొస్తోంది, ఇంకో నిమిషం, ఇంకో అరనిమిషం, ఏమైతే అదైందని వదిలేశాను.

దడదడ దడదడ దడదడ, గుర్రాలు, నా హాల్లో నా చేతి కింద గుర్రాలు, ఎనిమిది దెబ్బలు, పదహారు, కాళ్ళు తడబడ్డాయి, తలలు ఇటు తిరిగాయి, మొదటి రికార్డు గభాల్న ఆపేశాను, రెండోది ఒంటరిగా మిగిలింది, ఎవరైనా గుర్రాలొచ్చాయి అని అరిస్తే బాగుండేది, అరవలేదు, చప్పట్లు కొట్టారు, పెద్దవాళ్ళయిపోయారు కదా, మర్యాద నేర్చుకున్నారు, పరవాలేదు మీటరక్కా అని కూడా అన్నాడు లెక్కల మాస్టారు, ఆ పరవాలేదు నా గుండెలో దిగింది, ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట, నేను ఆ మాట కూడా అనలేను, మద్దెల బాగానే ఉంది, చెవే ఓడు, నా కూతురు మెల్లగా పక్కకొచ్చింది, చేతిలో ల్యాప్‌టాప్, దాని ముఖంలో ఎగతాళి ఉంటే తిట్టేదాన్ని, ఎగతాళి లేదు, జాలి ఉంది, అమ్మా, ఈ వైరు ఇక్కడ గుచ్చితే చాలు, పాటలన్నీ ఇందులో ఉన్నాయి, బటన్ నొక్కుతావంతే, నువ్వు చేతులు కదుపుతూ ఉండు, ఎవరికీ తెలీదు అంది, నా కుడి చెవిలో అంది, కుడి చెవిలోనే అంది, అంటే దీనికి తెలుసా, ఎప్పట్నుంచి తెలుసు, అందుకేనా ఈమధ్య ఎప్పుడూ నాకు కుడివైపే నడుస్తోంది, పెట్టు అనబోయాను, నిజంగా అనబోయాను, నాలుక చివరిదాకా వచ్చింది, ఎవరికీ తెలీదు అన్నమాట దగ్గర ఆగిపోయాను, నాకు తెలుస్తుంది కదే, ఇంకెవరికి తెలియాలి.

కోపమొస్తే నాకు ముందు పాదాలు వేడెక్కుతాయి, చిన్నప్పట్నుంచీ అంతే, తమ్ముడితో కొట్లాటకి దిగేముందు కూడా చెప్పులు విడిచే దిగేదాన్ని, మూడుగంటలు నిలబడాలని నా కూతురు కొనిచ్చిన బూట్లు, అంగుళం మందం మెత్తటి అడుగు, మబ్బుల మీద నడిచినట్టుంటుందని షాపువాడు చెప్పాడట, నాకు మబ్బులొద్దు, తాళ్ళు కూడా విప్పకుండా మడమతో మడమని తొక్కి లాగేశాను, మేజోళ్ళు కూడా లాగి పారేశాను, వట్టి కాళ్ళు చెక్క మీద పెట్టాను, అయ్యో, ఇదేమిటి, ఒక్క క్షణం ఎవరో కిందనుంచి తలుపు కొడుతున్నారనుకున్నాను, ధమ్, అరికాలిలో, ధమ్, మడమలోంచి పిక్కలోకి, ధమ్, మోకాలిదాకా, పెద్ద స్పీకర్ల దెబ్బ ఒకటే కాదు, దానిమీద ఇంకోటి ఉంది, కాళ్ళు, రెండొందలమంది కాళ్ళు, మోకాలి పట్టీల కాళ్ళు, కీళ్ళవాతం కాళ్ళు, నిన్నమొన్న పుట్టిన వీళ్ళ పిల్లల కాళ్ళు, అన్నీ ఒక్కచోట దిగుతున్నాయి, చెక్క నుంచి చెక్కకి దాటుకుంటూ నా పాదాల కిందికొచ్చి దిగుతున్నాయి, చెవికి ముద్దగా ఉన్నది కాలికి ముద్దగా లేదు, గీత గీసినట్టుంది, కదలకమ్మా, వైరు పెడుతున్నా అంటోంది నా కూతురు, ఆగవే అన్నాను, వేలెత్తి ఆగమన్నాను, కుడి చెవికి హెడ్‌ఫోన్ నొక్కాను, మూడో రికార్డు మీద సూది దించాను, చెవిలో ఇది, కాళ్ళలో అది, ఇది కొంచెం వెనకబడుతోంది, లివరు ఇంత జరిపాను, ఇంకొంచెం, వేలితో అంచుని తోశాను, ఆపాను, చెవిలో ధమ్, కాలిలో ధమ్, దగ్గరికొస్తున్నాయి, ఇంకా దగ్గరికి, తలుపూ గడియా కలిసినట్టు ఠక్కున కలిసిపోయాయి, వదిలాను.

ఏమీ జరగలేదు, అదే జరగాల్సింది, ఏమీ జరగకపోవడం, ఒక్క కాలు తడబడలేదు, ఒక్క తల తిరగలేదు, పాత రికార్డు మెల్లగా దిగింది, కొత్తది పైకొచ్చింది, వాళ్ళకి తెలిసేసరికి ఇంకో బస్సులో ఉన్నారు, అప్పుడు అరిచారు, అది మర్యాద అరుపు కాదు, గోడలు దద్దరిల్లే అరుపు, బేకరీవాడు చొక్కా గుండీలు విప్పేశాడు, నర్సు నిచ్చెన చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగింది, తమ్ముడు ఎర్ర లైటు నా మీద వేసి అక్కా అని పైనుంచి ఏడుస్తున్నాడు, వాడు ఏడుస్తాడని చెప్పానుగా, నాలుగోది కలిపాను, ఐదోది కలిపాను, ఆరోది వేగం ఎక్కువున్న రికార్డు, నూట ముప్పై ఎనిమిది, దాన్ని పట్టుకోవాలంటే అప్పట్లో కూడా చెమటలు పట్టేవి, పాదాలు కొంచెం ఎడంగా పెట్టుకుని, బరువంతా వేళ్ళమీదికి తెచ్చుకుని కలిపాను, రెండూ కలిసి మోగుతుండగా కొంచెం జారబోతుంటే చెవి కంటే ముందు అరికాలికి తెలిసింది, చెక్క మీద దెబ్బ అంచు చెదరగానే వేలు అదే వెళ్ళి సరిచేసింది, నేను చెప్పలేదు, ఒక్క గుర్రం రాలేదు, గంట, గంటన్నర, ఒక్క గుర్రమంటే ఒక్క గుర్రం, నా కూతురు ల్యాప్‌టాప్ మూసేసి చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది, నన్ను చూస్తోంది, నా పాదాల్ని చూస్తోంది, దాని కళ్ళు ఇంత పెద్దవని నేను మర్చిపోయాను, ఇంక దాచడం ఎందుకనిపించింది, నా ఎడమ చెవి పోయిందే తల్లీ అని గట్టిగా చెప్పాను, ఏంటీ, వినపడట్లేదు అని అరిచింది, నాక్కూడా అని నేనూ అరిచాను, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం, తర్వాత అది ల్యాప్‌టాప్‌ని గోడవారన పడేసి, చెప్పులు విడిచేసి, జనంలోకి పరిగెత్తింది, వెళ్ళి లెక్కల మాస్టారి పక్కన ఎగరడం మొదలుపెట్టింది, ఎగరడం కూడా రెండో గేరులోనే, తర్వాత మూడులో పడింది, తర్వాత నాలుగులో పడింది, నా కూతురు, నా పిల్ల, దాని కాళ్ళు కూడా వచ్చి నా కాళ్ళకి చేరుతున్నాయి, రెండొందల జతల్లో దాని జత ఏదో చెప్పలేను, చెప్పనక్కర్లేదు.

అప్పట్లో రాతి దిమ్మలెక్కి నిలబడ్డాను, కింద రబ్బరు వేయించుకుని మరీ నిలబడ్డాను, వాళ్ళ కాళ్ళ అదురు నాదాకా రాకుండా అన్ని ఏర్పాట్లూ నేనే చేయించుకున్నాను, పైనుంచి వాళ్ళకి తాళం పంచుతున్నానని, నేను చెయ్యెత్తితే లేస్తారని, దించితే దిగుతారని, ఆ ఆరేళ్ళూ అనుకున్నాను, ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళూ అదే తలుచుకుని బతికాను, మీటరు నేనేనని, ఆ మీటరు ఎడమ చెవిలో ఉందని, ఆ చెవి పోతే నేను అయిపోయినట్టేనని పదిరోజులు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, ఎంత పొగరు, ఎంత పిచ్చి, నాన్న అడిగింది గుర్తొస్తోంది, పాడేవాడు రాకపోతే ఇంతమంది ఎవరి కోసం చూస్తున్నారే అని, ఎవరి కోసమూ కాదు నాన్నా, నా కోసం కూడా కాదు, వాళ్ళే మోస్తున్నారు, ఈ దెబ్బని నేల మీద పెట్టేదీ నేలమీంచి లేపేదీ వాళ్ళే, అప్పుడూ వాళ్ళే, నేను దాన్ని ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి పడకుండా అందించాను, అంతే, అదేం తక్కువ పని కాదు, ఆ పని ఇవాళ కూడా చేశాను, రేపు ఈ హాలు ఉండదు, వచ్చే ఏడాది కుడి చెవి కూడా ఏమంటుందో తెలియదు, అననీ, ఇదిగో ఈ క్షణం నా కాలు కూడా లేచి దిగుతోంది, వాళ్ళతో పాటే దిగుతోంది, ముప్పై రెండేళ్ళలో నేను డాన్సు చేయడం ఇదే మొదటిసారి, పోయిందని ఏడ్చినదేదో అది ఎప్పుడూ నా ఒక్కదానిదీ కాదు, అందుకే పోలేదు.